కుడివైపు ఊదా బాణం

దెయ్యాల మాటెత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం నడుపుతాను. లేనిది కనపడిందంటే లోపం కంట్లోనో అద్దంలోనో ఉంటుందని నమ్మే వృత్తి నాది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ముందు పాత సంగతి ఒకటి చెప్పాలి. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా నాన్నకు నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక దవాఖానలో హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కు ముందు రాజమణి అనే హెడ్ సిస్టర్ వచ్చి, పుల్లకు దూది చుట్టి, నోటిపూతకు పూసే ఊదారంగు మందులో ముంచి, నాన్న పొట్ట మీద బాణం గీసింది. తోక కింద గుండ్రంగా ఒక చుక్క పెట్టింది. కోయాల్సిన వైపుకు అది గుర్తు.

కాగితం మీద హెర్నియోరఫీ అని ఉంటే, అదేమిటని అడిగాను. ఆమె వార్డంతా వినేలా, "నువ్వేమన్న డాక్టరువా? నోరు మూసుకొని గాడ కూసో" అంది. పక్క మంచాలవాళ్లు నవ్వారు.

ఆ నవ్వు ఈ రోజుకీ నాకు వినపడుతుంది. పెద్ద డాక్టరుకు ఫిర్యాదు రాసిచ్చాను. ఏమైందని ఏటేటా వెళ్లి అడిగాను. చివరికి గుమాస్తా, "ఆ సిస్టర్ చచ్చిపోయి ఏడాదైంది సార్. ఇంకెవరి మీద లొల్లి?" అన్నాడు. నా ఫిర్యాదుకు జవాబు మాత్రం ఇవ్వలేదు.

అప్పటినుంచి ఏ డాక్టరు ఏ పదం వాడినా అర్థం చెప్పేదాకా కుర్చీ వదలను. స్కోపీ అంటే లోపలికి చూడటం. బయాప్సీ అంటే ముక్క తీసి పరీక్షించడం. చివర ఎక్టమీ అని వచ్చిందంటే ఒంట్లోంచి ఏదో తీసేస్తారన్నమాట.

పోయినేడు మా ఆవిడ సుజాతకు అదే చెప్పారు. కుడి కిడ్నీ ముడుచుకుపోయిందని అల్ట్రాసౌండ్‌లో కనపడింది. చీము పట్టిందని సీటీ స్కాన్‌లో తేలింది. కుడివైపు నెఫ్రెక్టమీ, అంటే ఆ కిడ్నీ తీసేయాలి. ఎడమది బాగుంది. ఇక ఆ ఒక్కదాని మీదే ఆమె బతకాలి.

దవాఖాన అదే. పాత కట్టడం పడగొట్టి అద్దాల బిల్డింగు కట్టారు.

ఆపరేషన్ రోజు పొద్దున జూనియర్ డాక్టరు గుర్తు పెట్టడానికి వచ్చాడు. నన్ను బయట నిలబడమన్నాడు. భర్తను బయటికి పంపే నియమం ఎక్కడుందో అడగడానికి కౌంటర్ దగ్గరికి వెళ్లాను. వాదించి తిరిగొచ్చేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. సుజాత మగతగా ఉంది.

"ఇగో, ఇప్పుడే పెద్ద సిస్టర్ ఒకామె వచ్చింది. నడుం పక్కన చల్లగ ఏందో రాసింది. మీ ఆయనతోటి లొల్లి పెట్టియ్యి, గాయన పెడ్తడు అన్నది. పొద్దున్నే ఎవరితోనన్న కొట్లాడిన్రా మళ్ల?"

గౌను తొలగించి చూశాను. ఎడమవైపు మార్కర్ పెన్నుతో నల్ల బాణం. కుడివైపు ఊదా బాణం, ఇంకా తడి ఆరలేదు. తోక కింద గుండ్రటి చుక్క.

నాకు ముందు భయమేసింది ఊదా బాణానికి కాదు, ఆ నల్లదానికి.

అప్పటికే స్ట్రెచర్ వచ్చింది. దాని కమ్మీ పట్టుకుని అరిచాను. సెక్యూరిటీని పిలిచారు. వదల్లేదు. చివరికి సర్జనే వచ్చి, స్కాన్ తెప్పించి చూసి, జూనియర్‌ను పిలిచాడు. మంచం మీద కూర్చున్న మనిషికి ఎదురుగా నిలబడి, తన కుడిచేతి వైపు గీశాడట ఆ పిల్లవాడు. ఎదుటి మనిషి కుడికన్ను మనకు ఎడమవైపు ఉంటుంది. నా దుకాణంలో కొత్తగా చేరినవాళ్లంతా చేసే పొరపాటే.

"కోసేముందు థియేటర్లో మళ్లీ చూసుకుంటాం, ఈ పొరపాటు అక్కడ దొరికేదే. అయినా మీరు అరిచి మంచిపని చేశారు" అన్నాడు సర్జన్. దొరికేదేమో. దొరకకపోయేదేమో.

ఊదా బాణం ఎవరు గీశారని అందరినీ అడిగాను. ఆ మందే ఇప్పుడు వార్డులో ఉంచడం లేదన్నారు. వరండా కెమెరా చూపించేదాకా కదలనని కూర్చున్నాను. చూపించారు. డాక్టరు లోపలికి పోయాడు, బయటికి వచ్చాడు, తరువాత నేను వచ్చాను. మధ్యలో ఎవరూ లేరు.

రాజమణి అన్న మాట సుజాతకు లెక్కలేనన్నిసార్లు చెప్పి ఉంటాను. బాణం సంగతి, చుక్క సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నాకే గుర్తు లేవు, కళ్లారా మళ్లీ చూసేదాకా.

ఆపరేషన్ బాగా జరిగింది. సుజాత ఇప్పుడు కులాసాగా ఉంది. నల్ల బాణాన్ని స్పిరిట్‌తో తుడిచేశారు. ఊదాది ఇంటికొచ్చాక కూడా తువ్వాలుకు అంటుతూ అంటుతూ నెమ్మదిగా పోయింది.

ఆ ఫిర్యాదు నేను వెనక్కి తీసుకోలేదు. నలుగురిలో అట్లా అనడం ఇప్పటికీ తప్పే. కానీ నోరు మూసుకోమన్న మనిషే, వీడైతే నోరు మూసుకోడని నమ్మి వచ్చిందా? ఏ పదానికైనా అర్థం అడిగి తెలుసుకునేవాణ్ణి నేను. దీనికి అర్థం ఎవరిని అడగాలో తెలియడం లేదు.