ఇంకో బుట్ట

నా చిన్నప్పుడు మా అమ్మ నోట ఎక్కువగా విన్న మాట ఒకటే: "ఈ బుట్ట అయిపోతే వచ్చెత్తాను." పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొట్టు ఒలిచే పని ఆమెది. అవి తొంభైల చివరి రోజులు. నాన్న లారీ మీద పోయి వారానికోసారి వచ్చేవాడు. అమ్మ వచ్చేదాకా నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. వీధి చివరిదాకా నడవడం, వెనక్కి రావడం, మళ్ళీ నడవడం. నిజం చెప్పొద్దూ, నాకు ఆ బుట్టంటే ఒళ్ళుమంట.

ఆ డిసెంబరులో మా చర్చిలో సండే స్కూలు పిల్లల కార్యక్రమం సాయంత్రం ఆరింటికి పెట్టారు. బైబిలు వాక్యాలు కంఠతా చెప్పేవాళ్ళలో నేనూ ఉన్నాను. అంతకుముందు ఏడాది నేను చెప్పేసి బెంచీ మీద కూర్చున్నాక అమ్మ వచ్చింది. ఈసారి అలా కానివ్వకూడదని, బడి వదలగానే సంచీతోనే ఫ్యాక్టరీకి పరుగెత్తాను. ఇద్దరం ఒలిస్తే బుట్ట తొందరగా అయిపోతుంది కదా అని నా తెలివి.

అమ్మ పక్క పీట మీద ఒక ముసలావిడ కూర్చునేది. రోజూ అక్కుపల్లి నుంచి బస్సులో వచ్చేది. మాకు చుట్టం కాదు గానీ అందరూ మామ్మ అనేవారు. ఆవిడే జరిగి నాకు చోటిచ్చింది. నాలుగు పప్పులు ఒలిచానో లేదో రెండు బద్దలయ్యాయి. గుండు పప్పు విరిగితే ధర పోతుంది, మేస్త్రీ అమ్మనే అంటాడు. అమ్మ ముక్కలు ఏరి పక్కన పెట్టింది. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది. మెల్లగా చెయ్యి కుదిరింది. ఇద్దరం కలిసి బుట్ట ఖాళీ చేశాం. అమ్మ చీర దులుపుకుంటూ లేవబోతుంటే మేస్త్రీ ఇంకో బుట్ట తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఇంకా జోరుగా ఒలవసాగాను. ఒక పప్పు ఒలవడం, గోడ గడియారం చూడడం. మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏటే గుంటా, బేగి ఒలిత్తే బేగి ఒదిలేత్తారనుకున్నావా? బేగి ఒలిత్తే ఇంకో బుట్ట పెడతారు. ఇది అయిపోయే పని కాదు. మనమే లెగాల." అమ్మ వైపు తిరిగి, "ముందు నువ్వు లెగు. పిల్ల సెప్పింది ఎల్లి ఇను," అంటూ అమ్మ బుట్టను తన బుట్టలోకి వంచేసింది.

"నీ బస్సు ఎల్లిపోద్ది మామ్మా," అంది అమ్మ.

"పోతే ఇంకోటి వత్తాది."

ఆ తర్వాత బస్సు లేదని అమ్మకు తెలుసు. అందుకే లేచి, కూర్చుని, మళ్ళీ లేచింది. చివరికి నేనే కొంగు పట్టుకుని లాక్కొచ్చాను.

నా పేరు పిలిచేసరికి అమ్మ చర్చి గుమ్మంలో నిలబడి ఉంది, జుట్టు నిండా జీడిపొట్టుతో. నేను వాక్యాలు చెబుతుంటే అమ్మ పెదవులూ కదిలాయి. పొయ్యి దగ్గర నేను వల్లెవేస్తుంటే విని అన్నీ నేర్చేసుకుందన్నమాట. ఆ పూట నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ అంత నిండుగా కలగలేదు.

మర్నాడు సాయంత్రం అమ్మ అన్నం వడ్డిస్తూ చెప్పింది. మామ్మ బస్సు దొరక్క ఫ్యాక్టరీ వరండాలోనే పడుకుందట. ఆవిడ దగ్గర తల్లిలేని మనవరాలు ఉందట. నా ఈడుదే. మామ్మకోసం ఇంట్లో ఎవరు చూస్తున్నారో మేమిద్దరం అడగనే లేదు.

ఇప్పుడు నేను టెక్కలిలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. బల్ల మీద పని అయిందని లేచిన రోజు ఒక్కటీ లేదు. అయినా వేళకు లేస్తాను. దారంతా మనసు ఆఫీసులోనే కొట్టుకుంటుంది, ఆఫీసులో ఉంటే ఇంట్లో కొట్టుకుంటుంది. ఆ బాధ నాకు పోలేదు, పోతుందన్న ఆశా లేదు. కానీ ఒకటి మాత్రం మానలేదు. లేచేముందు పక్క సీటు అమ్మాయిని అడుగుతాను, ఇంట్లో నీకోసం ఎవరు చూస్తున్నారని. ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. పద, ఇద్దరం లేద్దాం అంటాను.