పసుపు అంటిన క్యాసెట్

మా అమ్మ టీవీలో పాడింది ఒకే ఒక్కసారి, ఎనభైల మొదట్లో. రైతుల కార్యక్రమం కోసం మా ఊరు ముప్పాళ్ళ నుంచి నాట్లు వేసే ఆడవాళ్ళను కొందరిని హైదరాబాదు తీసుకెళ్ళారు. నరసరావుపేటలో రేడియోలు బాగుచేస్తూ వీసీఆర్ అద్దెకిచ్చే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. మేం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన హైదరాబాదులో ఉన్న బావమరిది చేత ఆ పాటను వీడియో క్యాసెట్‌లోకి ఎక్కించి తెప్పించాడు. ఆయన కొట్లో అందరం నిలబడి ఒకసారి చూశాం. అమ్మ మాత్రం సిగ్గుపడి లోపలికి రాలేదు.

చెల్లెల్ని కన్న నెలలోపే అమ్మ పోయింది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. టీవీ వాళ్ళ దగ్గర ఇంకో కాపీ దొరుకుతుందేమో కనుక్కోమని నాన్న అడిగితే బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

"ఆ టేపు మీద ఈపాటికి ఇంకేదో ఎక్కించుంటారన్నా. పాతయ్యి ఎవురు దాస్తారు? మిగిలింది ఇదొక్కటే. ఊరికూరికే ఏసి చూడబాకండి, అరిగిపోద్ది."

ఆ మాట పట్టుకున్నది నేనే. చెల్లెలు ఎన్నిసార్లు అడిగినా "కాస్త పెద్దయ్యాక చూద్దువులే" అని వాయిదా వేశాను. దానికి అమ్మ మొహమూ తెలియదు, గొంతూ తెలియదు. అయినా పెద్ద తెలివిగలదానిలా దాచాను. ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

చెల్లెలికి అయిదేళ్ళు నిండాక నాన్నతో కలిసి ముగ్గురం బస్సెక్కి బాబాయ్ కొట్టుకు వెళ్ళాం. ఆయన క్యాసెట్ మూత ఎత్తి ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది? లోపల పసుపేంది?"

ఏటా అమ్మ తద్దినం నాడు నాన్న ఆ క్యాసెట్‌నే ఫొటోలాగా పీట మీద పెట్టి బొట్టు పెట్టేవాడు. అంతవరకే నాకు తెలుసు.

"పుణ్యస్త్రీగా పోయిన మనిషి గదా. పైన పెడితే ఆమెకేం అందిద్ది? గొంతు లోపలుంది గదా అని మూత తీసి పసుపు నీళ్ళు చల్లా" అన్నాడు నాన్న.

తడి లోపలికంటా దిగి టేపు పొరలన్నీ అంటుకుపోయాయి. బాబాయ్ మధ్యాహ్నమంతా దూదితో తుడిచాడు. నాన్న కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపం ముంచుకొచ్చింది.

చివరికి బాబాయ్ క్యాసెట్ వేశాడు. తెర మీద గీతలు, వాటి మధ్య రెండు క్షణాలు ఒక ఆడమనిషి మొహం. పాటకు ముందు నాలుగు మాటలు చెప్పే అనౌన్సర్ ఆమె. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. అంతలో టేపు తెగిపోయింది.

"అమ్మ చానా బాగుందక్కా!" అంది చెల్లెలు.

నాన్న నావైపు చూశాడు.

"అవునే" అన్నాను.

ఇప్పటికీ చెల్లెలు అమ్మ అనుకునేది ఆ మొహాన్నే. నేను ఇంతవరకూ చెప్పలేదు.