మూడు పోర్షన్ల బొద్దింకలు

ఆ రోజుల్లో మా వంశం మొత్తంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కడినే. ఇది గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదు. తరువాత జరిగిన అనర్థాలన్నిటికీ మూలం అదే కనుక ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఇంట్లో ఒకరికి చదువు వచ్చిందంటే అది ఏ చదువన్న విచారణ ఎవరూ చేయరు. బాపు (మా నాన్న) ఫోనుకు వచ్చిన బ్యాంకు సందేశం, మేనత్త కరెంటు బిల్లు, పక్కింటివారి మందుబిళ్ళల అట్ట, అన్నీ నా ముందుకే వచ్చేవి. నాది బీఎస్సీ, అందులోనూ జంతుశాస్త్రం ఒక సబ్జెక్టు కావడంతో, వీటికి తోడు పురుగులు కూడా వచ్చేవి. పొట్లాల్లో వచ్చేవి, అగ్గిపెట్టెల్లో వచ్చేవి, ఒక్కోసారి నేరుగా అరచేతిలోనే వచ్చేవి. బియ్యంలో ముక్కు పురుగు పడితే జల్లించి, డబ్బా బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకు వేయమన్నాను (మా సొంతూరు మంచాలలో మా నానమ్మ ఎప్పటినుంచో చేస్తున్న పనే, నేను చెప్పాక దానికి శాస్త్రీయత సమకూరింది). మందార కొమ్మలకు దూదిలా పట్టిన పిండినల్లిని సబ్బునీళ్ళతో కడగమన్నాను. అది నిజంగానే పోయింది. మనిషిని చెడగొట్టడానికి అటువంటి విజయం ఒక్కటి చాలు.

అప్పటికి మేము మంచాల నుండి ఇబ్రహీంపట్నం వచ్చి, ఒక రేకుల ఇంట్లో నడిమి పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాము. బాపు ఆటో నడిపేవారు. నేను ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. మాకు కుడివైపు పోర్షన్‌లో, అందరూ ఖాలా అని పిలిచే, బట్టలు కుట్టే ముస్లిం ఆవిడ ఉండేది. ఎడమవైపున గుంటూరు ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన పిన్నిగారు ఉండేవారు. నేను కాపాడిన మందార వారిదే. మూడు వంటిళ్ళూ ఒకే వరుసలో ఉండేవి. మధ్య గోడలు రేకుల దాకా పోకుండా జానెడు కిందనే ఆగిపోయేవి. అందువల్ల మా అమ్మ పోపు వేస్తే ఖాలా తుమ్మేది, ఖాలా తుమ్మితే పిన్నిగారు ‘చిరంజీవ’ అనేవారు. ఆ జానెడు సందులోనుంచే కరివేపాకు, చింతపండు, ఊరి వార్తలు అటూ ఇటూ నడిచేవి. ఇంకా ఏమేమి నడిచేవో అప్పటికి నేను ఆలోచించలేదు.

మా అమ్మ ఏళ్ళ తరబడి ఫంక్షన్ హాళ్ళలో ఇతరుల పెళ్ళిళ్ళకు వండింది. ఇక తన పొయ్యి మీద తన పేరుతో వండాలన్నది ఆమె కోరిక. ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టాలని నిశ్చయమైంది. బాపు ‘గురువారం ప్రారంభం’ అంటూ ఒక ఫ్లెక్సీ కూడా వేయించారు. దాని మీద వండే మనిషి ఫోటో బొటనవేలంత ఉంది. పట్టా పుచ్చుకుంటున్న గౌనులో నా ఫోటో మాత్రం నిలువెత్తున ఉంది. నా తల పక్కనే గుత్తి వంకాయ కూర. దారిన పోయేవారికి నేను దేనికి పట్టా పుచ్చుకున్నానని తోచిందో నాకు తెలియదు.

వచ్చిన చిక్కల్లా బొద్దింకలతోనే. అంతకు ముందు మా వీధి చివర ఒక టిఫిన్ సెంటర్ చట్నీలో బొద్దింక కాలు కనిపించి, ఆ సెంటర్ మూతపడి, దాని స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. అమ్మ ఆ సంగతి మరచిపోలేదు. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది: “కొడుకా, కూరల ఉప్పెక్కువైతె జనం మాఫ్ జేస్తరు. బొద్దింక కనవడితె మల్ల మన గడప తొక్కరు. గురువారం దాంక నీకు టైమున్నది.”

నేను ముందుగా శత్రువును గుర్తించాను. మురుగునీటి మోరీలోనుంచి వచ్చే పెద్ద ఎర్ర రకం వేరు, గోడ పగుళ్ళలోనూ ఫ్రిజ్ వెనుకా కాపురముండే చిన్న రకం వేరు, చిన్నవాటికి మెడ వెనుక రెండు నల్లని చారలుంటాయని అమ్మకు, బాపుకు సోదాహరణంగా వివరించాను. బాపు శ్రద్ధగా విని, “అయితె ఇప్పుడు పేర్లు వెట్టి పిలుస్తవా ఏంది?” అని అడిగారు. నేను నొచ్చుకుని, ఆ సాయంత్రమే దుకాణంలో దొరికిన మందు డబ్బా ఒకటి తెచ్చి, వంటిల్లంతా పొగమంచు కమ్మేలా కొట్టాను. తెల్లవారేసరికి ఒక్క బొద్దింక లేదు. కళేబరాలు కూడా పెద్దగా లేవు (ఆ విషయం అప్పుడే నన్ను ఆలోచింపజేసి ఉండవలసింది). అమ్మ చూపులో ఆ రోజు కనిపించిన గౌరవాన్ని నేను పట్టా తెచ్చిన రోజున కూడా చూడలేదు.

ఆ వారంలోనే ఖాలా వచ్చింది. “బేటా, మా ఇంట్ల గిన్ని బొద్దింకలు ఎన్నడు లేకుండె. యాడికెల్లి ఒస్తున్నయో ఏమో. జర ఏమన్న ఉపాయం జెప్పు.” ఆమె వెళ్ళిన కాసేపటికి పిన్నిగారు వచ్చారు. “చూడు బాబూ, తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చేశాయి మా వంటింట్లోకి. మా మందారని బతికించావుగా, దీనికీ ఏదో ఒకటి చూడు.” రెండు ఫిర్యాదులూ ఒకే వారంలో ఎందుకు వచ్చాయన్న ప్రశ్న నాకు తట్టలేదు. గిరాకీ పెరిగిన వైద్యుడు రోగం ఎక్కడ పుట్టిందని ఆరా తీయడు. పిన్నిగారికి నేను వాడిన మందే వాడమన్నాను. ఖాలాకు మందు వాసన పడదు కనుక తలుపులు మూసి, లోబాన్ సాంబ్రాణితో పాటు నాలుగు ఎండుమిరపకాయలు వేసి పొగపెట్టమన్నాను. ప్రారంభోత్సవానికి చుట్టుపక్కల కూడా శుభ్రంగా ఉంటే శోభగా ఉంటుందని తలచి, ఇద్దరికీ బుధవారం మధ్యాహ్నమే ముహూర్తం పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం అమ్మ మరునాటికి పరీక్షగా వంకాయ కూర వండుతున్నది. నేను పక్కన కూర్చుని కూరల పేర్లు అట్టల మీద అందంగా రాస్తున్నాను. కుడివైపు నుండి మొదటి తుమ్ము వినిపించింది. ఎడమవైపు నుండి డబ్బా బుసకొట్టిన చప్పుడు వచ్చింది. ‘పని జరుగుతున్నది’ అనుకుని సంతోషించాను. ఇంతలో కుడి గోడ మీది జానెడు సందులో రెండు సన్నని మీసాలు కదిలాయి. వాటి వెనుక మరికొన్ని మీసాలు. ఎడమ గోడ వైపు తిరిగితే అక్కడా అదే దృశ్యం. వేసవి సెలవులకు బంధువుల ఇళ్ళకు వెళ్ళినవారు బడులు తెరిచేనాటికి తిరిగివచ్చినట్టు, అవి ఏ తడబాటూ లేకుండా, దారి తెలిసినవాటిలా దిగి వచ్చాయి. అమ్మ ముందు కూర మీద మూత పెట్టింది. పొయ్యి కట్టేసింది. ఆ తరువాత గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయి, “ఇగ రేపటిది పోయింది” అన్నది. కోపంగా అన్నా నేను తట్టుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే పొగకు తాళలేక ఖాలా, వాసనకు తాళలేక పిన్నిగారు, కళ్ళు తుడుచుకుంటూ అలవాటుగా మా వంటింట్లోకే వచ్చారు. ఇద్దరూ గోడల వైపు చూశారు. మూత పెట్టిన కూర వైపు, నేల మీది అమ్మ వైపు చూశారు. రేపు కూరలు కొనవలసిన మొదటి ఇద్దరూ వారే. వీధికి వార్త చేరవేయగల మొదటి ఇద్దరూ కూడా వారే.

“అయ్యో అక్కయ్యగారూ, ఇవి మావేనండీ” అన్నారు పిన్నిగారు. “మందు కొట్టేసరికి ఇటొచ్చిపడ్డాయి.”

“నై నై, గవి మాయి” అన్నది ఖాలా. “పొగ వెట్టింది నేను గదా.”

“మీవి కాదండీ. ఆ చారలవాటిని పొద్దున మా ఇంట్లోనే చూశాను.”

“చారలయి మా ఇంట్ల గూడ ఉన్నయి. నువ్వు ఫికర్ జెయ్యకు వదినా, నేనే తీస్కపోత.”

ఇద్దరు ఇల్లాళ్ళు బొద్దింకల కోసం అలా పోటీపడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అప్పుడే ఆటో ఆపి లోపలికి వచ్చిన బాపు గుమ్మంలోనే నిలబడి ఆ తగవంతా విన్నారు. “ఎవ్వలియైతేంది” అన్నారు చివరికి. “కిరాయి మనం గడుతున్నం, కాపురం అవి జేస్తున్నయి.” అమ్మ నవ్వింది. ముందు ఆపుకోబోయి, ఆపుకోలేక, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో నేను నోరు విప్పాను. చిమ్మే మందుకు బొద్దింకలు చచ్చేకంటే చెదిరిపోయేవే ఎక్కువని, వాటి గుడ్ల సంచులకు అది అంటనే అంటదని, మూడిళ్ళలో ఒకేసారి మేత మందు పెట్టి, సందులు మూసి, రాత్రి తడి గిన్నెలు ఉంచకుండా ఉంటేనే ప్రయోజనమని వివరించాను. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇదే పాఠం అంతకు ముందు నెలలోనే చెప్పి ఉన్నాను. అమ్మ అంతా విని, “గీ ముచ్చట మొదలే జెప్పొద్దా?” అన్నది.

ప్రారంభం వాయిదా పడింది. బాపు ఫ్లెక్సీ మీద ‘గురువారం’ ముందు ‘వచ్చే’ అన్న మాట అతికించారు (దానితో ఏ రోజున చదివినా ఇంకా వారం గడువు ఉన్నట్టే ఉండేది). బోరిక్ పౌడరు, గోధుమపిండి, చక్కెర పాత గిన్నెలో కలిపి, ముగ్గురు ఆడవాళ్ళూ చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని చిన్న చిన్న ఉండలు చుట్టారు. అమ్మ అందులో కాస్త నెయ్యి కూడా వేసింది. ఎవరికి పెట్టేదైనా రుచి లేకుండా పెట్టడం ఆమెకు చేతకాదు. పిన్నిగారు ఉండలు ఇంకొంచెం మెత్తగా ఉండాలన్నారు. “వాటికి పండ్లుంటయా బేటా?” అని ఖాలా నన్ను అడిగింది. నమలడానికి దవడలుంటాయని చెప్పాను. “అయితె గట్టిగనే చుట్టుర్రి” అని ఆమె తేల్చేసింది. ఆ ఉండలను పిల్లలకు అందకుండా ఫ్రిజ్ వెనుక, సింకు కింది మూలల్లో పెట్టి, గిన్నెను పారేశాము. మోరీకి జాలీ బిగించాము. కారే నల్లాలు బాగుచేయించాము. బాపు నిచ్చెన వేసుకుని మధ్య గోడల మీది సందును ఇటుకముక్కలతో, సిమెంటుతో మూసేశారు. ఆ సాయంత్రం అమ్మ పోపు వేసింది. ఎవరూ తుమ్మలేదు. అమ్మ ఒకసారి గోడ పైకి చూసి, కరివేపాకు కోసం చెప్పులేసుకుని బయటినుంచి చుట్టూ తిరిగి వెళ్ళింది.

ఆ గురువారం నిజంగానే వచ్చింది. ఖాలా, పిన్నిగారు పొద్దుటి నుంచే ముందు గదిలో కూర్చున్నారు, కొనడానికి కాదు, కాపలాకు. మొదటి గిరాకీ సాగర్ బస్సు దిగి వచ్చిన ఒక పెద్దమనిషి. ఫ్లెక్సీ మీద నన్ను, ఎదురుగా నన్ను మార్చి మార్చి చూసి, వంకాయ కూర ఒక ప్యాకెట్ ఇమ్మన్నారు. అమ్మ గరిటె ఎత్తింది. అప్పుడు బల్ల కింది నుంచి, మా అందరి శ్రమనూ దాటుకుని బతికిన ఒకే ఒక్క బొద్దింక, ఆయన చెప్పు వైపు బయలుదేరింది. పిన్నిగారు చటుక్కున, “సాంబారు కూడా తీసుకోండి, ఇటు చూడండి ఎంత చిక్కగా ఉందో” అన్నారు. ఆయన అటు తిరిగారు. ఖాలా తన మనవరాలి జ్వరం గురించి అమ్మతో చెబుతున్న మాట మధ్యలో ఆపకుండానే, కాలు ముందుకు చాచి, దాని మీద చెప్పు ఆనించి, మాట పూర్తిచేసింది. ఆ పెద్దమనిషి సాంబారు కూడా తీసుకుని వెళ్ళారు. మరునాడు మళ్ళీ వచ్చారు.

అమ్మ కర్రీ పాయింట్ ఇప్పటికీ నడుస్తోంది. ఫ్లెక్సీలు ఎన్నో మారాయి. నా గౌను ఫోటో మాత్రం అమ్మ మార్చనివ్వదు. నేను ఉద్యోగరీత్యా హయత్‌నగర్‌లో అపార్టుమెంటుకు మారాను. ఇక్కడ గోడలు పైకప్పు దాకా ఉన్నాయి. నేను పోపు వేసుకుంటే తుమ్మేవారు లేరు. పక్క ఫ్లాటు తలుపు మీద పేరైతే ఉంది కానీ, ఆ పేరుగల మనిషిని లిఫ్టులో తల పంకించి పలకరించడమే తప్ప ఎరుగను. మొన్న ఆదివారం ఆ తలుపు కింద నుంచి ఒక బొద్దింక బయటకు వచ్చి, నా గుమ్మం వైపు నడవసాగింది. చిన్న రకం, మెడ వెనుక రెండు చారలు. నా చేయి అలవాటుగా చెప్పు వైపు పోయింది. ఎందుకో ఆగి, వెళ్ళి ఆ తలుపు గంట నొక్కాను.

తలుపు తీసిన ఆయన చేతిలో మందు డబ్బా ఉంది. నా వైపు, మా ఇద్దరి మధ్య నేల మీద ఉన్నదాని వైపు చూసి, సిగ్గుతో ముఖం కందిపోయి, “సారీ సార్, అది మాదే” అన్నారు.

“కాదండీ, మాదే” అన్నాను.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా లోపలికి రమ్మని దారి ఇచ్చారు. నేను వెళ్ళాను. మందు ఎలా పెట్టాలో ఈసారి మొదలే చెప్పాను.