కృపారావు మాస్టారి లాభశాతం

మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పే కృపారావు మాస్టారు ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క పైసా నష్టపోలేదని ప్రతీతి. సంపాదించిందేమీ లేదు గనక ఆ ప్రతీతిని ఎవరూ పరీక్షించి చూడలేదు. గజపతినగరం సంతలో వంకాయలు కొనాలంటే ఆయన ముందు వీశె ధర అడిగేవారు, తర్వాత కిలో ధర అడిగేవారు, రెండింటికీ పొంతన లేదని అమ్మేవాళ్లకి నచ్చజెప్పేవారు. వాళ్లు తప్పు దిద్దుకుని ధర పెంచగానే కొనకుండా ఇంటికి వచ్చేవారు.

ఆయన క్లాసులో చెప్పే లెక్కలన్నీ చుట్టుపక్కలవే. నెల్లిమర్ల మిల్లుకి గోగునార మోసే బళ్లు, రాయగడ వెళ్లే పాసింజరు, శ్రీకూర్మం వెళ్లొచ్చినవాళ్ల దారి ఖర్చు, అన్నీ నల్లబల్ల ఎక్కేవి. ఒక మనిషి ఇరవై రోజుల్లో చేసే పనిని ఇద్దరు ఎన్ని రోజుల్లో చేస్తారన్న ప్రశ్నకి పది రోజులని పుస్తకంలో జవాబుంటుంది. మాస్టారి ఇంట్లో మాత్రం ఆ పనంతా ఆయన భార్య జ్ఞానసుందరి ఒక్కతే చేసేది.

ఆవిడ మిషన్ వారి ఆడపిల్లల బళ్లో ఎనిమిది దాకా చదువుకుంది. వీధి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని రవికెలు కుట్టేది. తొమ్మిదేళ్లు కుట్టి తొమ్మిది వందల రూపాయలు పోస్టాఫీసులో తన పేర వేసుకుంది. తాటాకు కప్పు తీసేసి ఇంటికి బెంగుళూరు పెంకులు వేయించాలని ఆవిడ సంకల్పం. తాటాకు కింద ఇరవై రెండు వానాకాలాలు గడిపిన మనిషికి అంతకంటే ఉన్నతమైన సంకల్పాలు కలగవు.

మాస్టారికి కలిగాయి. 1967లో నరసింగరావు అనే పాతికేళ్ల కుర్రాడు బి.ఏ., బి.ఇడి. ప్యాసై ఆ బళ్లో చేరాడు. స్టాఫ్ రూములో చేతులున్న కుర్చీలు రెండే ఉండేవి. అవి పట్టభద్రులకి. తక్కినవాళ్లకి స్టూళ్లు. ఈ నియమం ఏ విద్యాశాఖ ఉత్తర్వులోనూ లేదు గనక అందరూ నిష్ఠగా పాటించేవారు. కుర్చీలో కూర్చున్నవాడి జీతం స్టూలు మీదివాడి జీతంకంటే నెలకి నలభై అయిదు రూపాయలు ఎక్కువ. అయితే ఆ నలభై అయిదుకంటే కుర్చీ చేతులే మాస్టారిని ఎక్కువ బాధించాయని తర్వాత జరిగినవన్నీ సాక్ష్యం చెబుతున్నాయి.

అలాంటి అదనులో ఆయనకి పోస్టులో ఒక ప్రాస్పెక్టస్ వచ్చింది. పంపినది సర్వభారత సకలవిద్యా విశ్వవిద్యాలయం అనే ప్రైవేటు సంస్థ. ఉత్తరాదిన ఒక పట్నంలో, చిరునామా ప్రకారం పై అంతస్తులో, వెనకవైపు మెట్లెక్కి వెళ్లవలసిన చోట వెలసింది. అట్ట మీద గోపురం, సింహం, ఉదయిస్తున్న సూర్యుడు ఉన్నారు. మెట్లు మాత్రం వేయలేదు. బి.ఏ., బి.టి. రెండూ కలిపి ఇంటి దగ్గరే చదువుకోవచ్చును, గడువు మూడేళ్లు, రుసుము తొమ్మిది వందలు.

మాస్టారు జాగ్రత్తపరుడు. మీ పట్టాని ప్రభుత్వం గుర్తిస్తుందా అని రాశారు. "మా పట్టభద్రులు దేశమంతటా గౌరవింపబడుచున్నారు" అని జవాబు వచ్చింది. అడిగింది గుర్తింపైతే వచ్చింది గౌరవం. ఈ రెండింటికీ తేడా కనిపెట్టగల మనిషే, కాని ఆ పూట కనిపెట్టలేదు.

భార్యని అడగడానికి ధైర్యం చాలక, ఆయన నిష్పాక్షికమైన తీర్పు కోసం ఎనిమిదో తరగతిని ఆశ్రయించారు. ఆ డిసెంబరు అర్ధసంవత్సర పరీక్షలో అయిదో ప్రశ్న ఇది: "ఒక ఉపాధ్యాయుడు 900 రూపాయలు చెల్లించి ఒక పట్టా సంపాదించెను. దానివలన అతని జీతము నెలకు 45 రూపాయలు పెరిగెను. అతడు ఇంకను 11 సంవత్సరములు ఉద్యోగము చేసిన, లాభశాతమెంత?"

నలభై ఒక్కమందిలో ముప్ఫై మంది నూటికి అయిదు వందల అరవై లాభమని తేల్చారు. పదిమంది వేరే అంకెలు తేల్చారు గాని లాభమనే విషయంలో వాళ్లకీ సందేహం లేదు. సంతలో ఉల్లిపాయలమ్మే జగ్గమ్మ కూతురు నీలవేణి ఒక్కతే లెక్క చెయ్యకుండా రెండు వాక్యాలు రాసింది. "ఆ పట్టా చెల్లుతుందో లేదో ఇవ్వలేదు. చెల్లకపోతే నష్టం నూటికి నూరు." మాస్టారు ఎర్రసిరాతో "ప్రశ్నకు ఎదురుప్రశ్న కూడదు" అని రాసి సున్నా వేశారు.

పేపర్ల కట్ట తెచ్చి కుట్టుమిషను మీద పెట్టడం ఆయన చేసిన పొరపాటు. మర్నాడు ఆదివారం మిషన్ వారి గుడి నుంచి వచ్చాక జ్ఞానసుందరి కట్ట తీసి పక్కన పెట్టబోతూ పైనున్న పేపరు చదివింది.

"ఏవండీ, ఈ పిల్లకి సున్నా ఏసీరేటి? అందర్లోకీ దీనికే బుర్రున్నాది."

"లెక్క చెయ్యలేదు. సున్నా."

"పోనీ. ఈ మేస్టారెవరండీ?"

"లెక్కల్లో మనుషులకి పేర్లుండవు, సుందరీ."

"పేరు లేకపోతే మానె. తొమ్మిదొందలెవరివి?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఊళ్లో కచ్చితంగా తొమ్మిది వందలు ఉన్నది ఎవరి దగ్గరో ఇద్దరికీ తెలుసు. ఇక దాచి లాభం లేక ప్రాస్పెక్టస్ బయటికి తీశారు. ఆవిడ సింహాన్నీ సూర్యుణ్నీ వదిలేసి లోపలి పేజీ చదివింది.

"మూడేళ్లు సదవాలంట గదా?"

"ఔను."

"పట్టా వచ్చినాక గదా జీతం పెరుగుతాది? మీకు పదకొండేళ్ల సర్వీసున్నాది. మూడు పోతే ఎనిమిది. పదకొండని ఎలా ఇచ్చీసేరండీ? తప్పు లెక్క మీరిచ్చి, సున్నా ఆ పిల్లకా?"

ఇరవై రెండేళ్లలో ఆయన లెక్కలో తప్పు పట్టినవాళ్లు లేరు. ఆ గౌరవం ఇంట్లోనే దక్కింది.

"పైకోపాలి సూడండి," అంది ఆవిడ కప్పు వైపు చెయ్యి చూపిస్తూ. "ఆ మూల ఆకాశం కనిపిస్తన్నాది. ఆ డబ్బు పెంకులికి."

"నీకు కప్పే కనిపిస్తాది. నా సంగతి కనిపించదు. ఆ కుర్రోడు నిన్నగాక మొన్న వచ్చేడు. కుర్చీలో కూకుని, 'రండి మేస్టారూ, కూకోండి' అని స్టూలు సూపిస్తన్నాడు. మర్యాదగానే సూపిస్తన్నాడు. అదే నాకు ఏడుపు."

ఆవిడ తన వృత్తిధర్మం ప్రకారం తీర్పు చెప్పింది.

"నేను కొలతలు తీసినప్పుడు కుట్టుకూలి అడుగుతానా? రవికె సేతికిచ్చినాకే అడుగుతాను. అలాగే రాయండి. ముందు పట్టా, ఎనక డబ్బులు."

మాస్టారు రాశారు. ఏ విశ్వవిద్యాలయమూ ఇలాంటి షరతుకి ఒప్పుకోదని ఆవిడ ధైర్యం. కాని సర్వభారత సకలవిద్యా విశ్వవిద్యాలయం సామాన్యమైనది కాదు. మూడు వారాలు తిరక్కుండా ఒక ఉత్తరమూ, దానితోపాటు తొమ్మిది వందల రూపాయలకి ఒక వి.పి. పార్సిలూ వచ్చాయి. తమ ఇరవై రెండేళ్ల అనుభవాన్ని సెనేటు వారు కూలంకషంగా పరిశీలించి, చదువూ పరీక్షా అనవసరమని ఏకగ్రీవంగా తీర్మానించారనీ, ఫస్టు క్లాసు పట్టా పంపుతున్నామనీ, దాని మీద తారీఖు మూడేళ్లు వెనక్కి వేశామనీ ఉత్తరంలో ఉంది. అంటే మాస్టారు తనకి తెలియకుండానే మూడేళ్లుగా పట్టభద్రులు.

ఆయన సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు పోస్టాఫీసు మెట్ల నుంచి రైల్వే గేటు దాకా ఉంది. గేటు దగ్గర నిలబడి గూడ్సు బండి వెళ్లేదాకా ఆలోచిస్తే, చదువు అక్కర్లేదు గనక పోయిన మూడేళ్లూ తిరిగొచ్చాయనీ, లాభం మళ్లీ అయిదు వందల అరవైకి చేరిందనీ తేలింది.

వి.పి. పార్సిలుని పోస్టాఫీసులో ఏడు రోజులుంచుతారు. ఈలోగా డబ్బు కట్టి విడిపించుకోకపోతే వచ్చిన దారినే పోతుంది. రెండో రోజు పోస్టుమాస్టరు కూర్మయ్య కిటికీలోంచి గొంతు తగ్గించి చెప్పాడు.

"మేస్టారూ, ఈ జాగాకి ఇలాటిది నాలుగోది. ముందొచ్చిన మూడూ ఇడిపించీసుకున్నారు. ఒకాయనకి గ్రేడు కూడా వచ్చీసినాది."

"ఎవరయ్యా?"

"పేర్లడక్కండి. పోస్టల్ రూలు."

ఆ రోజునుంచి మాస్టారికి ఊరు మునుపటిలా కనిపించలేదు. కాస్త దర్జాగా నడిచే ప్రతివాడి వెనకా ఆయనకి వెనకవైపు మెట్లు కనిపించేవి. ప్రార్థన బెల్లు కొట్టాక వచ్చినందుకు ఇంగ్లీషులో మందలించిన హెడ్మాస్టరు జగన్నాధంగారిని కూడా అనుమానించారు. కాని అనుమానంకంటే ఆశే బరువుగా ఉంది. నీలవేణి అడిగిన ముక్కకి జవాబు దొరికింది. పట్టా చెల్లుతుంది. ఒకడికి చెల్లింది.

నాలుగో రోజు స్టాఫ్ రూములో ఇద్దరే ఉన్నప్పుడు నరసింగరావుని అడిగారు.

"నీ బి.ఏ.కి ఎంతయింది బాబూ?"

"మా నాన్న బొబ్బిలి దగ్గర మూడెకరాల మెట్ట అమ్మీసేడండి."

"ఇప్పుడింటికెంత పంపుతన్నావు?"

"ముప్ఫై."

"ఏడాదికి మూడొందల అరవై. ఆ మెట్టలో ఏటి పండేది?"

"గోగేసేవారండి. మిల్లోళ్లు నారకి ఏటా అయిదొందలిచ్చీవారు." నరసింగరావు కుర్చీ చేతుల మీద వేళ్లు ఆడించాడు. "ఈ లెక్క నేనూ కట్టుకున్నానండి. కట్టీసి, మా నాన్నకి సెప్పకుండా ఊరుకున్నాను. ఆయనింకా సంతలో మా వోడు బి.ఏ. అని సెప్పుకుంటన్నాడు."

అసలు విశ్వవిద్యాలయంలో, అసలు చదువు చదివి, అసలు పరీక్ష ప్యాసైనవాడికి ఏటా నూట నలభై నష్టమన్నమాట. దొంగ పట్టాకి నూటికి అయిదు వందల అరవై లాభం. ఇంతకంటే గట్టి సిఫార్సు ఏ సెనేటూ ఇవ్వలేదు. మాస్టారు ఆ సాయంత్రమే భార్యకి రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించారు. ఒకాయనకి గ్రేడు వచ్చిన సంగతీ చెప్పారు.

జ్ఞానసుందరి పలక వంక చాలాసేపు చూసింది. అంకెల్లో తప్పు లేదు.

"ఇది దొంగతనం కాదేటండీ?"

"అందరూ సేస్తన్నారు సుందరీ."

"అది నేనడగనేదు," అంది ఆవిడ. కాని ఏడో రోజు పొద్దున్న పోస్టాఫీసు పుస్తకం కొంగున కట్టుకుని ఆయన వెంట బయలుదేరింది. స్టూలు మీద కూర్చున్న మొగుణ్ని తలుచుకుని ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆకాశం కనిపించే మూల కిందే మరో పదేళ్లు ఉండడానికి సిద్ధపడింది. మాస్టారు అరపూట సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్నాతకోత్సవానికి వెళ్తున్నట్టే నడిచారు.

కూర్మయ్య డబ్బు తీసుకునే ఫారం ఇచ్చాడు. ఆవిడ తొమ్మిది వందలకి నింపి సంతకం చేసింది. పార్సిలు తాలూకు నంబరు కావాలని కూర్మయ్య అడిగితే మాస్టారు జేబులోంచి ఉత్తరం తీసి భార్య చేతికిచ్చారు. ఆరు రోజులుగా ఆయన ఆ ఉత్తరం మొదటి వైపే చదువుకుంటూ మురిసిపోయారు. ఆవిడ తిప్పింది.

"ఎనకాల కూడా ఏటో అచ్చేసున్నాదండీ. 'ప్రత్యేక రాయితీ. బి.ఏ., బి.టి.తోబాటు ఎం.ఏ. కూడా తీసుకొనువారికి, అన్నియు కలిపి వెయ్యి రూపాయలు మాత్రమే.'"

"ఏదీ, మళ్లీ సదువు."

మళ్లీ చదివింది. మాస్టారి మొహం వంకాయల దగ్గర మారినట్టు మారింది.

"వెయ్యిలో తొమ్మిదొందలు తీసెయ్. ఎం.ఏ. వందేనా?"

"అలాగే ఉన్నాది."

"బి.ఏ. కంటే ఎం.ఏ. పెద్దది. పెద్దది వందైతే సిన్నది తొమ్మిదొందలెలాగవుతాది? మహా అయితే యాభై. యాభై రూపాయల సరుకు తొమ్మిదొందలకి కొనడానికి నేనేటి ఎర్రోణ్నా?"

చదవకుండా పట్టా తీసుకోవడం ఆయన్ని ఆపలేదు. వెనక్కి వేసిన తారీఖు ఆపలేదు. ప్రతి ఆదివారం గుడిలో వినే పది ఆజ్ఞల్లో ఒక్కటీ అడ్డు రాలేదు. ధరలో తప్పుంటే మాత్రం ఆయన అంతరాత్మ ఒప్పుకోదు.

"కూర్మయ్యా, యాభైకి ఇస్తారేమో కనుక్కుంటావేటి?"

"వి.పి.లో బేరాలుండవు మేస్టారూ. కట్టండి, నేకపోతే తిప్పికొట్టమని రాసీండి."

మాస్టారు కలం తీసుకుని, తీసుకోవడానికి నిరాకరించడమైనది అని గుండ్రటి అక్షరాలతో రాశారు. కూర్మయ్య ముద్ర కొట్టి పార్సిలుని తిరుగుటపా సంచీలో పడేశాడు. నలభై అయిదు రూపాయలూ, రెండు కుర్చీ చేతులూ అందులోనే వెళ్లిపోయాయి. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని సంచీ మూతి కట్టేదాకా చూశారు.

"ఫారం సింపీమంటారా అమ్మా?" అన్నాడు కూర్మయ్య.

"సింపడవేటి? సంతకం పెట్టీసేను గదా. డబ్బులివ్వు," అంది జ్ఞానసుందరి.

తొమ్మిది వందలూ రెండుసార్లు చూసుకుని కొంగున ముడేసింది. పాసింజరు సిగ్నలు దాటుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ ఇంటివైపు తిరక్కుండా స్టేషను దారి పట్టింది.

"ఎక్కడికి సుందరీ?"

"విజయనగరం. పెంకులు బేరమాడ్డానికి. మీకింకో కాలేజీ దొరికేలోగా."

"నేనూ రానా? బేరం దగ్గర లెక్కకి నేనుంటే..."

"వద్దు బాబో. మీరొస్తే పెంకుకీ పెంకుకీ పొంతన సూస్తారు, ఆడు ధర పెంచుతాడు, మనం తాటాకు కిందే ఉంటాం." రెండడుగులు వేసి ఆగింది. ఆయన ఇస్త్రీ చొక్కా వంకా, దిగాలు పడ్డ మొహం వంకా చూసి గొంతు తగ్గించింది. "బడికెళ్లండి. ఆ కుర్రోడు స్టూలు సూపిస్తే కూకోండి. ఆడి కుర్చీకి మూడెకరాలైనాది, మన స్టూలుకేటీ అవనేదు."

మాస్టారు ఆ మాటలో తప్పేమైనా ఉందేమోనని రైల్వే గేటు దాకా వెతికి, దొరక్క, బడివైపు తిరిగారు.