మా అత్త జాడీలో ద్రాక్షరసం

మొన్న నా మనవరాలు ఒక వైను సీసా తెచ్చింది. ఎవరో భార్యాభర్తలు సొంత తోటలో ద్రాక్ష పండించి, ఏడాదికి కొద్ది సీసాలే చేస్తారట. ధర ఎంతంటే నవ్వి ఊరుకుంది, అంటే దండగ ఖర్చేనన్నమాట. స్టీలు గ్లాసులో కాస్త పోసి, "తాగకపోతే మానెయ్ అమ్మమ్మా, వాసనన్నా చూడు" అంది. చూశాను. ముందు నేరేడుపండు, ఆ వెనక లవంగం, అడుగున తొలకరికి తడిసిన మట్టి. మంచి సరుకే, కాదనను. కానీ ఆ లవంగం వాసన తగిలేసరికి ఈ వయసులో కూడా గ్లాసు కింద పెట్టి నా అరచేతులు వాసన చూసుకున్నాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ప్రత్తిపాడు దగ్గర మా ఊరి చర్చిలో ప్రభువు బల్ల నాడు రొట్టెతో పాటు అందరికీ ఇచ్చే ద్రాక్షరసం మా అత్తే చేసేది. నల్లద్రాక్ష పిసికి, బెల్లం, లవంగాలు, దాల్చినచెక్క వేసి, జాడీకి గుడ్డ బిగించి కట్టి, ఇరవయ్యొక్క రోజులు ఎవరినీ తాకనిచ్చేది కాదు. గాలి సోకితే పాడవుతుంది మరి. ఆ ఏడు ఈస్టరుకు ముందు ఆవిడ మణికట్టు విరగడంతో ఆ పని నా మీద పడింది. "పిసికే రోజు కూలికి పోమాకే" అని ఒక్క మాటే చెప్పింది.

మిరప కల్లాల కాలం, ఒక పూట పని మానుకోవడమంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. పొద్దంతా మిరపకాయల ముచ్చికలు తీసి, సాయంత్రం కుంకుడు రసంతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ద్రాక్ష పిసికి జాడీ కట్టేశాను. ఆ తర్వాత మొహం తుడుచుకుంటే కళ్లు భగ్గుమన్నాయి. మన ఈడు ఆడవాళ్లకు వేరే చెప్పాలా, ఆ ఘాటు నీళ్లకు పోయేది కాదు.

మళ్లీ చేయడానికి ఈస్టరులోగా రోజులు చాలవు, చెబితే అత్త చేతి పేరు పోతుంది. అయోగ్యంగా ఆ బల్లను ముట్టుకుంటే ఇంటిమీదికి జబ్బు వస్తుందని పాస్టరు అయ్యగారు అనేవారు. అప్పుడు నా పెద్దవాడు చంటిబిడ్డ. వాడు తుమ్మినప్పుడల్లా నా చూపు జాడీ మీదికే పోయేది, రాత్రిళ్లు వాడి ఒళ్లు తడిమి చూస్తూనే ఉండేదాన్ని.

ఈస్టరునాడు ఒకే గిన్నె అందరి పెదవులకూ వస్తోంది. ముందున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆ పక్కావిడ దగ్గి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది, ప్రార్థనకో మంటకో తెలియదు. మా అత్త ఒక గుక్క తాగి, నాలుకతో పెదవులు తడుపుకుని, కళ్లు మూసుకుంది. నా ఒళ్లో బిడ్డను గట్టిగా హత్తుకున్నాను. నా వంతు వచ్చింది: తీపి, లవంగం, ఆ వెనక నాలుక చివర సన్నని చురుకు.

ఇంటికి నడిచి వస్తుంటే అత్త నా వైపు చూడకుండానే అంది, "ముందు చేతులకి ఆముదం పట్టించి ఆ తర్వాత కడుక్కోవాలే. కొత్తలో నేనూ ఇదే చేశా. మా అత్తకి చెప్పలా."

బిడ్డకేమీ కాలేదు. అయినా వాడికి నడక వచ్చేదాకా నా గుండె కుదుటపడలేదు.

ఇప్పుడు చర్చిలో చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులిస్తున్నారు, కొనుక్కొచ్చిన రసం, ఎప్పుడూ ఒకటే తీపి. ఎవరూ వణకరు, అదీ మంచిదే. కాకపోతే కప్పు ఎత్తినప్పుడల్లా, ఇది ఎవరి చేతులు పిసికాయో, ఆ మనిషి ఏ భయం కడుపులో దాచుకుని పిసికిందో తెలియక, ఎవరి కోసం ప్రార్థించాలో నాకు తోచదు.