కొరికి చూసే పిల్ల

రాయదుర్గంలో రామలింగయ్య వక్కల అంగడి తెలియనివాళ్ళు లేరు. ఆయన కూతురు అనుపమ దవడ గురించి ఒక మాట అననివాళ్ళూ లేరు. వానలు పడని ఊళ్ళో జనానికి ఇంకేం పని? దవడలు రెండూ చెవుల కింద గడ్డల్లా పొడుచుకొచ్చి, ముఖం నలుచదరంగా ఉండేది. చిన్నాన్న కూతురి పెళ్ళి వీడియోలో తనని తాను చూసుకున్న రోజునుంచి ఆ పిల్ల ఫోటో అంటేనే పారిపోయేది.

బెంగుళూరులో ఒక డాక్టరు ఎక్స్‌రే తీసి, నోటి లోపలినుంచి కోసి దవడ ఎముక మూలలు తీసేస్తానన్నాడు. కింది పెదవికి స్పర్శ పోవచ్చు, పోతే తిరిగి రాకపోవచ్చు అని కూడా చెప్పాడు. అనుపమ సరేనని వచ్చింది గాని, ఆనాటినుంచి అన్నం సయించలేదు. కత్తి వద్దనుకుంటే అద్దం ఊరుకోదు. అద్దం మాట వింటే కత్తి తప్పదు. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు.

తల్లి కన్యకమ్మ మాత్రం పట్టు వదల్లేదు. చీర కొనడానికి నాలుగంగళ్ళు తిరుగుతారే, ముఖం కోయించుకోవడానికి ఒక్క డాక్టరు చాలా అని మొగుణ్ణి నిలదీసింది. ఆపరేషన్‌కి వారం ఉందనగా, రామలింగయ్య కూతుర్ని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

ఈయన పెద్దాయన. పండ్లు గట్టిగా బిగించమని, చెవుల కింద వేళ్ళు పెట్టి చూశాడు. ఎముక మామూలుగానే ఉంది, పెరిగింది కండ అన్నాడు. వక్క, గుట్కా ఏమైనా నములుతావా అని అడిగాడు. అనుపమకి రోషమొచ్చింది. తాము వక్కలు అమ్మేవాళ్ళేగాని తినేవాళ్ళు కాదంది.

"తినదు సార్. కొరికి చూస్తాది, అంతే," అన్నాడు రామలింగయ్య గర్వంగా. "మూటలు దిగినాయంటే మూటమూటకీ కొరికి, సరుకు మంచిదో పుచ్చో చెప్పేస్తాది. చిన్నప్పటినుంచీ ఆయమ్మదే ఆ పని."

డాక్టరు వేళ్ళు తీసేశాడు. ఎముక కోసినా ఆ కండ అట్లాగే ఉంటుందన్నాడు. సూది మందుతో కండ కొన్ని నెలలు తగ్గుతుంది, కొరకడం మానకపోతే మళ్ళీ పెరుగుతుంది, ముందు ఆ పని మాన్పించండి అన్నాడు.

ఇంకో వారం గడిచి ఉంటే అనవసరంగా ఎముక కోసేసేవాళ్ళు. బస్సెక్కినాక అనుపమ అదే తలుచుకుంటూ రెండు చేతులతో దవడలు తడుముకుంది.

"నా పండ్లు కదిలినాయని ఆ వక్కలు నీ నోట్లో పెట్టినాను పాపా," అన్నాడు పక్కన కూర్చున్న రామలింగయ్య. "నీ ముఖం చెడిపింది నేనే."

కాదు నాయనా అనబోయింది. ఈలోపే ఆయన ముఖం తిప్పుకున్నాడు. రాయదుర్గం వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ జనం తన ముఖం చూస్తారని భయపడిన పిల్లకి, నాయన చూడకపోవడం అంతకంటే భయమేసింది.