దారం తెగిందని చెప్పినవన్నీ

మగ్గం గుంతలోంచి లేవాలంటే ఈమధ్య నాకు రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి గట్టుకు ఆనించి, ఇంకో చేత్తో పైనుంచి వేలాడే తాడు పట్టుకుని, నడుము లేపి, కాళ్లు బయటికి లాక్కుని, చెప్పులు వెతుక్కుని పెరట్లోకి పోవాలి. ఇంతా చేసి అక్కడ నిలబడితే నాలుగు చుక్కలు. తిరిగొచ్చి కూర్చుని, పడుగులో దారం అటూ ఇటూ పరిగెత్తించే నాడె చేతికి తీసుకుంటానో లేదో, మళ్లీ అదే. ధర్మవరంలో ముప్పై ఎనిమిదేళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాను. ఒంట్లో ఏదో ఒకటి మొరాయిస్తుందని తెలుసు, నడుమో కళ్లో అనుకున్నాను. ఇది మాత్రం అనుకోలేదు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ప్రోస్టేట్ గ్రంథి లావైందన్నాడు. "వయసొచ్చిన మొగోళ్లకు మామూలే అన్నా, చెడ్డ జబ్బేం కాదులే" అని, మందుల కంటే ముందు నా అలవాట్లు మార్చుకోమన్నాడు. కాఫీ, టీ తగ్గించాలి. నీళ్లు మాత్రం మానకూడదు, పగలు సరిగ్గా తాగి సాయంత్రం నుంచి తగ్గించుకోవాలి. తన్నుకొచ్చేదాకా ఆగకుండా గడియారం చూసుకుని పోవాలి. పోయినాక గబుక్కున వచ్చేయకుండా కాసేపు అక్కడే ఉండి రెండోసారి ప్రయత్నించాలి. జలుబు మాత్రలు కొన్ని మూత్రాన్ని బిగబట్టేస్తాయట, అడగకుండా మింగకూడదు.

"అంతేనా సార్?" అన్నాను.

"అంతే. ఓపిక కావాల."

నా దగ్గర లేనిదల్లా అదే.

ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జ్వరమంటే నలుగురికీ చెప్పుకుంటాం, ఇది ఎట్లా చెప్పుకుంటాం? మగ్గం ఆపి లేచినప్పుడల్లా, వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే నా కూతురికి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఎవరో పిలిచినారనో, తల నొప్పిగా ఉండాదనో. ఎక్కువగా చెప్పింది దారం తెగిందని. ఆ పిల్ల తలెత్తేది కాదు. రాట్నం తిప్పుతూనే "సరే నాయనా" అనేది. నమ్మిందనే అనుకున్నాను.

ఆమెకు గుంతకల్లు సంబంధం కుదిరింది. అబ్బాయికి రైల్వేలో పని. ఇంట్లో అందరికీ చీరల గోల, వంటల గోల. నాకు ఒకటే గోల. కన్యాదానానికి పీటల మీద ఎంతసేపు కూర్చోవాలి? పురోహితుణ్ణి ఏమీ ఎరగనట్టు అడిగితే "గంటన్నర పడ్తాది" అన్నాడు. గంటన్నర! నేను ముప్పావుగంట మనిషిని. అంతమంది ముందు, పట్టుపంచెలో, వియ్యంకుల ఎదురుగా తడిస్తే నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకోగలదా? ఈ ఆలోచనతో నాకు అన్నం సయించేది కాదు. డాక్టరు చెప్పినట్టే గడియారం ఎదురుగా పెట్టుకుని మగ్గం మీద అలవాటు చేసుకున్నాను. నెల తిరిగేసరికి గంటా పది నిమిషాల దాకా వచ్చాను. నీళ్లు వేళకు తాగి, వేళకు పోయి వచ్చిన ఫలితమది.

దాన్నంతా ఒక్కరోజులో చెడగొట్టుకున్నాను. కన్యాదానం అయ్యేదాకా తల్లిదండ్రులు ఉపవాసం ఉండాలి కదా, అదే సందని ముందురోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు కూడా మానేశాను. వానలు మొహం చాటేసే ఈ నేల మీద పుట్టినవాణ్ణి, దప్పిక నాకు కొత్తా అనుకున్నాను. నా భార్య గ్లాసు తెచ్చిస్తే కసురుకున్నాను. తెల్లారేసరికి మూత్రం చిక్కగా, పచ్చగా, మంటగా వచ్చింది. గంటా పది కాస్తా పావుగంట అయింది. డాక్టరు మానొద్దన్నది ఎందుకో అప్పుడు తెలిసొచ్చింది.

పీటల మీద కూర్చున్నాం. పక్కన పెళ్లికూతురు, ఎదురుగా పెళ్లికొడుకు. నేను అల్లుడి కాళ్లు కడగాలి, నా భార్య ఇత్తడి చెంబుతో నీళ్లు పోయాలి. పళ్లెంలో నీళ్లు పడే ఆ చప్పుడు వినగానే నా పొత్తికడుపు బిగుసుకుపోయింది. మోకాళ్లు దగ్గరికి నొక్కుకున్నాను. నుదుటి మీద చెమట. ఫోటోలతను "పెద్దాయనా, కొంచెం నగు" అంటాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

ఉన్నట్టుండి పురోహితుడు మంత్రం ఆపేశాడు. "ముహూర్తానికి ఇంకా టైముండాది. ఇంటి పెద్ద ఒకసారి పోయి కాళ్లూ చేతులూ కడుక్కోని వచ్చి కూర్చోవాల. ఈడ మా పద్ధతి ఇట్లే" అని గట్టిగా చెప్పాడు. అట్లాంటి పద్ధతి నేనెప్పుడూ వినలేదు. లేచి పోయాను. మొదట ఏమీ రాలేదు. నిలబడ్డాను. వచ్చింది. ఆగి, రెండోసారి కూడా చూసుకున్నాను. ఎవరూ తలుపు కొట్టలేదు.

తిరిగొచ్చి కూర్చుంటుంటే పురోహితుడు చెవి దగ్గరికి వంగాడు. "నీ కూతురు నెల కిందటే చెప్పింది సామీ. మా నాయన మధ్యలో లేయాల్సొస్తాది, ఎవరి చేతా మాట పడనీయొద్దు అనింది."

నా కూతురి వైపు తిరిగి మెల్లగా అడిగాను. "నీకెవరు చెప్పినారమ్మా? మీయమ్మా?"

ఆమె తల వంచుకునే ఉంది. "ఎవరు చెప్పాల నాయనా? మగ్గం ఆగేది వినపడదా? దారం తెగితే కూర్చునే ముడేస్తావు. లేచి పెరట్లోకి పోతావా?"

నాకు ఏడుపొచ్చేసింది. కూతురు పోతోందని ఏడుస్తున్నాడులే అనుకున్నారు అందరూ. నా భార్య మళ్లీ చెంబు వంచింది.

ఇప్పుడు వసారాలో రాట్నం చప్పుడు లేదు. కండెలు పక్కింట్లో చుట్టించుకుంటున్నాను. నీళ్లు వేళకు తాగుతున్నాను, గడియారం చూసుకుని పోతున్నాను. డాక్టరు చెప్పినవన్నీ నా భార్య ఇప్పుడు కూతురికీ చెప్పేసింది. కొంచెం నయమే గానీ ఈ లేవడం, కూర్చోవడం తప్పలేదు. విసుగొస్తుంది. మధ్యాహ్నం పూట గుంతకల్లు నుంచి ఫోన్ వస్తే స్పీకర్ పెట్టి గట్టు మీద ఉంచుకుని నేస్తూ మాట్లాడుతాను. నిన్న మాట మధ్యలో నా చెయ్యి ఆగింది. ఏం చెప్పాలా అని నేను వెతుక్కునే లోపలే అవతలి నుంచి నా కూతురు అంది.

"పోయిరా నాయనా. తొందరేం లేదు, రెండోసారి కూడా చూసుకోనే రా. నేను ఈడనే ఉంటా."